ఏమవుతారు?

మెహిదీపట్నం కంటాసుపత్రి కౌంటర్లో
నీలం యూనిఫాం పిల్ల
పెన్ను మూత పళ్లతో లాగి అడిగింది,
"పేషెంటుకు మీరేమవుతారమ్మా?"

ఏమవుతాను.
ఇరవయ్యారేళ్ల కింద అయ్యాను.
పద్దెనిమిదేళ్ల కింద అయిపోయింది.
అదే మాట, చివర 'పోయింది' తగిలించారంతే
పురానీ హవేలీ కోర్టులో.

యారాలికి పేరుంది, వియ్యపురాలికి పేరుంది,
మేనమామ తోడల్లుడి దాకా
వరస కలుపుకుంటూ పోగల భాష
నా దగ్గరికొచ్చి దగ్గింది.

ఫోన్ నంబరు రాసిచ్చాను.
పక్క గడి ఖాళీ.

రాత్రి అండాలమ్మే ఫోన్ చేసింది.
"కంట్ల పొర తీస్తరట బిడ్డా.
వాడు పొద్దున మీటింగంటడు.
నువ్వైతే డాక్టరు చెప్పింది
నాకు తెలిసేటట్టు చెప్తవ్."

ఈమే కోర్టులో బోనెక్కి
"కోడలికి పొగరు" అని చెప్పింది,
జడ్జి వినలేదేమోనని రెండోసారి కూడా.
ఆ వారమే నిఖితకు జ్వరమొస్తే
మిరియాల కషాయం సీసా కొంగులో చుట్టుకుని
రెండు బస్సులు మారి మా గుమ్మంలో నిలబడింది.
రెండూ ఆమే. నేను లెక్క కట్టడం మానేశాను.

తీర్పొచ్చిన రోజు వాన.
దారుల్‌షిఫా దగ్గర ఒక్కటే ఆటో.
కోఠీ దాకా కలిసే వెళ్లాం,
ఇద్దరి మధ్యా తడిసిన ఫైలు.
జల్లు కొట్టకుండా పరదా పట్టుకుంది జితేందర్,
చిల్లర ఇచ్చింది నేను.
దిగుతూ, "నా పది రూపాయలు మళ్లీ ఇస్తా" అన్నాడు.

మళ్లీ అంటే ఎప్పుడని అడగలేదు.
మళ్లీ మళ్లీ వచ్చింది:
స్కూలు ఫీజు కిటికీ దగ్గర,
మామయ్య పదకొండో రోజున,
రాంగ్ రూట్‌లో దొరికిన నిఖిత స్కూటీని
నల్లకుంట ఠాణాలో విడిపించుకుంటూ.
పది రూపాయల మాట ఎవరం ఎత్తలేదు.

పదకొండు దాటాక వచ్చాడు, వెనక స్వరూప,
చేతిలో ఫ్లాస్కు, మూడు గ్లాసులు.
మూడు. నన్ను లెక్కేసుకునే తెచ్చింది.

మందుల చీటీ తిప్పి తిప్పి చూసి
కళ్లద్దాలు మరిచానని నాకిచ్చాడు.
చెయ్యంత దూరం పెట్టి చూస్తే
నాకూ చీమల బారే.
నవ్వు ఆపుకుని స్వరూప అందుకుంది,
"చుక్కలు, రోజుకు నాలుగుసార్లు."
మాకంటే పన్నెండేళ్లు చిన్నది.

కోపముందా అని వెతుక్కున్నాను,
సంచిలో తాళంచెవి కోసం తడుముకున్నట్టు.
ఉంటుంది ఎక్కడో అడుగున.
చేతికి బత్తాయి తగిలింది.

అండాలమ్మను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు.
ఒక కంటి మీద ఆకుపచ్చ డిప్ప,
రెండో కంట్లో ఇంకా పొర.
మా మూడు నీడల వైపు చెయ్యి చాచి
"సువర్ణా" అంది.

నేను నోరు తెరిచేలోపు
ఆ చెయ్యి పట్టుకుని
"ఆఁ అత్తమ్మా" అంది స్వరూప.

జితేందర్ కిటికీలోంచి
పార్కింగ్ కేసి చూస్తున్నాడు.

ముసలి వేళ్లు మణికట్టు తడిమి
గాజులు పైకి జరిపి
"శాన చిక్కిపోయినవ్ బిడ్డా" అంది.

స్వరూప నా వైపు చూసింది.
నేను బత్తాయి గింజలు తీస్తున్నాను.