మూడు గోళీలు

పీణ్యా సెకండ్ స్టేజిలో
పద్దెనిమిదేళ్లు కార్బైడ్ బిట్లకు పదును పెట్టినాడు
మా ఓబుళేసు.
వెంట్రుకలో పదో వంతు తేడా
బొటనవేలితో తడిమి చెప్పేవాడు.
ఫ్యాను కరెంటు తింటుందని
ఓనరు ఆపేస్తే, సరేలే అన్నాడు.

చొక్కా ఉతికిన ప్రతిసారీ
బకెట్టు అడుగున బూడిదరంగు తళుకు.
మా హంస దాన్ని ముగ్గులో కలిపేది.

ఈఎస్ఐ డాక్టరు ఫిల్ము వెలుతురుకెత్తి
"అరగదీసిన గాజు మాదిరుంది" అన్నాడు.
"నేనైతే గాజు ముట్టలేదు సార్"
అని నవ్వబోయి
దగ్గుతూ కూలబడినాడు.

ఇంటికిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో మూడు గోళీలు.
గాలి పీలిస్తే పైకి లేవాలి.
ఒకటి లేస్తుంది.
రెండోది వణుకుతుంది, అంతే.

బడినుంచొచ్చిన హంస
ఒక్క గుక్కలో మూడూ లేపేసింది.
నాయన ముఖం చూసి
మెల్లగా
రెండింటిని దించేసింది.