టికెట్టు వెనక

నా సంచిల ఒక్కొక్కనాడు
చిల్లర కంటె పిట్టలే ఎక్కువ.

దేవరకొండ డిపో, నైట్ హాల్ట్ డ్యూటీ.
తెల్లారి నాలుగున్నరకు తండ విడిచినమంటే
మొదటి స్టేజీ దాక ఎక్కేటోళ్లుండరు.
మిషను పనిచేస్తుందో లేదో అని
ఒక టికెట్టు ఊరికె కొట్టి
దాని వెనక రాస్త:

రోడ్డు నడుమ ఎర్రకండ్లు రెండు.
లైటు మీదికొచ్చేదాక లేవదు.
పేరు నాకు తెల్వదు, రూప్లా అన్న రోడ్డుపిట్ట అంటడు.

డిండి అలుగు కాడ గుడ్డికొంగ.
ఆ పేరు ఎవరు పెట్టిండ్రో గని
నేను చూసినప్పుడల్లా అది నన్నే చూస్తుంటది.

కందిచేను గట్టు దిగి కంజులు. రెండు, నాలుగు,
బ్రేకు కొట్టినంక ఏడు.

తీగ మీద పాలపిట్ట.
కూసున్నంతసేపు మాసిన గోనెపట్ట,
లేస్తే లోపలంత నీలం.
దసరానాడు దాన్ని దేవులాడుకుంట ఊరు ఊరంత పోతది,
మిగిలిన దినాలన్ని
అదే మా బస్సుకు ఎదురుచూస్తది.

బర్రె మీద పసులపోలిగాడు.
"వానిది గూడ జీరో టికెట్టేనా?
ఆధార్ కార్డు అడుగు" అంటడు రూప్లా అన్న.

చెరువుగట్టు జాతరల కొన్న దుర్భిణి నాది,
నూట ఇరవై రూపాయలు,
ఎడమ కంటిల ఎప్పుడూ మబ్బే.

టికెట్టు ముందుపక్క రేటూ తారీఖూ
నెల తిరిగేసరికి మాసిపోతయి.
వెనకపక్క పెన్నుతో రాసినయి ఉంటయి.

మొన్నటి ఎండాకాలం
తండ కొసకు, బస్సు మలిపే జాగల,
కంకర, ఒక వంకర తుమ్మ, కారే బోరింగు,
ఆ కంకరల తీతువు నాలుగు గుడ్లు పెట్టింది.
రాయేదో గుడ్డేదో నా కంటికి ఆనలేదు.
రూప్లా అన్నకు ఆనింది,
టైరుకు జానెడు దూరంల.

"తీతువు కూస్తే పీనుగ లేస్తది, తరిమెయ్ బిడ్డా"
సీటు కింద కోడిని పెట్టుకున్న కేస్లి అవ్వ.
"అవ్వా, అది కూసిన కూతలన్ని లెక్కపెడితే
తండల నువ్వూ నేనూ మిగలొద్దు గద" అని
ఆయన పోయి నాలుగు బండరాళ్లు మోసుకొచ్చి
చుట్టు పెట్టిండు.

అప్పటిసంది బస్సు మలపాలంటె
మూడుసార్లు ముందుకు, మూడుసార్లు వెనకకు.
నేను దిగి విజిలేస్త. రానీ, రానీ, రానీ, ఆగు.
అది నా నెత్తి మీద తిరుక్కుంట ఒకటే లొల్లి.
దాని లెక్కల నేనే దొంగను.

ఒకనాడు పన్నెండింటి ట్రిప్పు.
బోరింగు కింది బురదల పొట్ట ముంచుకొని
పచ్చటి కాళ్ల మీద దబదబ నడిచొచ్చింది.
నీళ్లు కారే ఈకలతోనే
గుడ్ల మీద కూసున్నది.
మళ్ల లేచింది. మళ్ల పోయింది. మళ్ల వచ్చింది.
అరగంట హాల్టు.
నా అన్నం డబ్బ మూత తియ్యనే లేదు.

కేస్లి అవ్వ గూడ కిటికిల నుంచి చూసింది.
ఏమనలేదు.
మర్నాడు బోరింగు కాడ
బిందె నిండినంక ఇంకో నాలుగుసార్లు కొట్టింది,
ఊరికె, నేల మీదికి.

ఇరవై ఆరో దినం నాకు ఆఫ్.
ఇంటికాడ బట్టలు పిండుకుంట చెవి అటే.
నా బదులు పోయిన స్వరాజ్యం
డిపోల నా డబ్బల ఒక టికెట్టు ఏసి పోయింది.
వెనక, గజిబిజి రాతల:
"మూడు. నాలుగోది ఏమైందో.
దూది ఉండలకు కాళ్లొచ్చినట్టు ఉరుకుతున్నయి.
నాక్కూడ ఒక దుర్భిణి కావాలె, యాడ కొన్నవ్?"

ఇప్పుడు అక్కడ గుడ్లు లేవు.
రాళ్లు తీసి పక్కకు పెట్టిండ్రు.
రూప్లా అన్న ఇంకా
మూడుసార్లే మలుపుతడు.
ఎందుకన్నా అంటే అద్దంల చూసుకుంట
"నువ్వు విజిలెయ్ ముందు" అంటడు.