కందిగింజంత

ఈ నెలలోనే ఇన్‌స్పెక్టర్లొస్తారట అని
శుక్రవారం స్టాఫ్‌రూమ్‌లో హెడ్ అన్నారు.
ఆదివారానికల్లా గడ్డం మీద
కందిగింజంత, ఎర్రగా తేలింది.

నలభై రెండేళ్ళు నాకు.
మొటిమ లేస్తే ఎవడో మనసు పడ్డాడే అని
మా మేనత్త ఆటపట్టించేది.
గ్రిమ్స్‌బీలో నా మీద మనసు పడ్డది
ఒక్క ఎక్సెల్ షీటే.
రాత్రి రెండింటికీ వదిలిపెట్టదు.

"అంతా బాగుంది" అన్నమాట
వారంలో ఎన్నిసార్లు అన్నానో.
గొంతు నమ్మేసింది.
భుజాలు కూడా కాస్త నమ్మాయి.
చర్మం ఒక్కటే
కల్లబొల్లి కబుర్లకి లొంగలేదు.

పౌడరద్దుకుని, ఉప్పుగాలిలో
చేపల రేవు పక్కనుంచి నడిచొచ్చాను.
బడి గేటు దాటేసరికి
సగం స్కార్ఫుకే అంటుకుంది.

పదకొండో ఏడు క్లాసు. వర్గ సమీకరణాలు.
కుడిచెయ్యి బోర్డు మీద రాస్తుంటే
ఎడమచెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతోంది.

వెనకబెంచీ కీరన్,
పరీక్షలు దగ్గరపడేకొద్దీ నుదురంతా కంకర తేలినవాడు,
ఎన్నిసార్లు చెప్పినా హుడ్ తియ్యనివాడు,
సెప్టెంబరు నుంచీ నా మొహంలోకి చూడనివాడు,
పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి
గొణిగాడు:
"గిల్లకండి మిస్. మచ్చ పడిపోద్ది."

చెయ్యి దించాను.
వాడి లెక్క తప్పే. ఋణ గుర్తు మింగేశాడు.
ఎర్ర పెన్ను అందుకున్నదాన్ని
ఎందుకో పక్కన పెట్టి
పెన్సిలుతో దిద్దాను.