గేటుకి పేరు

రైల్వే కాలనీ చివర, చింతపండు రంగు గేటు.
బ్రష్షు తడిపి అడిగాను,
"అమ్మా, మీ పేరు తెలుగులో ఎలా రాయమంటారు?"
"పలికినట్టే రాయి బాబూ, నీకేటి తెలీదా?"
అంది డాఫ్నీ టీచరమ్మ,
అచ్చం మా కోటవీధి తెలుగులో.

థా రాశాను. ఆగాను.
ర కింద న వత్తు, ఆ జంట నెత్తిన పొల్లు,
పక్కన ట,
చివర మళ్ళీ ఓ పొల్లు నకారం.
థార్న్‌టన్.
"గొంతులో ముల్లు దిగినట్టుందమ్మా" అన్నాను.
"ముల్లే మరి" అని నవ్వింది.

థార్న్ అంటే ముల్లు.
టన్ అంటే మొదట్లో కంచెట,
తర్వాత కంచె లోపలి దొడ్డి,
దొడ్డి చుట్టూ ఇళ్ళు లేచి, ముదిరి, ఊరు.
ముళ్ళకంపల ఊరోడా అని
ఎవడో ఎవణ్ణో పిలిచుంటాడు, పరాయిచోట.
సొంతూళ్ళో ఎవడు పిలుస్తాడు ఊరి పేరుతో?

"ఏ ఊరమ్మా అది?"
"ఆ పేరున అక్కడ ఊళ్ళు చాలా ఉన్నాయట.
మా తాతకే తెలీదు.
ఇంజన్లో బొగ్గు ఎగదోసేవాడు,
వాల్తేరు నుంచి ఖుర్దా దాకా.
ఆయన చూసిన పరదేశం అంతే."

స్టేషన్ బోర్డు మీద వాల్తేరు చెరిపి
విశాఖపట్నం రాసిన వారం
ప్లాట్‌ఫారం టికెట్టు కొని మరీ వెళ్ళి చూసిందట.
రంగు ఆరలేదింకా, అంది.
నా చేతి వంక చూస్తూ అంది.

"నీ ఇంటిపేరేటి?"
"తుమ్మపాల."
తుమ్మ అంటే ముళ్ళచెట్టే.
పాల అంటే వాటానో, పాలచెట్టో,
మా నాన్న చెప్పకుండానే పోయాడు.
ఊరు అనకాపల్లి పక్కనే.
బస్సులో గంటన్నర.
నేనెప్పుడూ దిగలేదు.

"ఓలమ్మా!
నాకంటే సముద్రం అడ్డం.
నీకేటి అడ్డం?"

ట పొట్ట దగ్గర రంగు కారింది.
గుడ్డతో ఒత్తాను. కొంచెం మరక మిగిలింది.
ఆవిడ చూసింది, ఏమీ అనలేదు.
డబ్బులిస్తూ మాత్రం అడిగింది,
"ఉప్పుగాలికి ఎన్నాళ్ళుంటాది?"
"ఏడాది."
"చాల్లే. పోస్టుమేను కొత్తోడు,
ఈలోగా నేర్చుకుంటాడు."

కాన్వెంట్ జంక్షన్లో
అనకాపల్లి బస్సు కాసేపు ఆగింది.
కండక్టరు మెట్టు మీంచి వంగి
ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు, ఒక్క ఊపిరిలో,
ఒకదాని మీద ఒకటి.
గోరు కింద తెల్లరంగు గీక్కుంటూ
నా పేరు వస్తుందేమో అని విన్నాను.