ఆరున్నొక్కటో రోజు

ఎనుమాముల యార్డుల మా ఓదెలు దడువాయి.
కాంట కాడ నిలబడి బస్తాలు లెక్కవెడితే
లాభం, రెండు, మూడు...
ఒకటి అనే మాట ఆయన నోట్లకెంచి రాదు.
ఏడు అనడు, ఆరున్నొక్కటి అంటడు.
రైతు సొమ్ము, దాని మీద ఏడుపు పడొద్దంటడు.

మొదలు జొన్నరొట్టె ఆగింది.
నీళ్లు తాగి తోసిండు.
మిర్చి ఘాటుకు గొంతు పట్టింది,
సీజన్ పోతే అదే పోతదన్నడు.
సీజన్ పోయింది, అన్నం ఆగింది.
మెత్తగ పిసికి చారు వోసి
పసిపిల్లకు పెట్టినట్టు పెట్టిన. దిగలే.
కక్కలేక మింగలేక అని ఎవలనో అనేటోళ్లం,
ఆ మాట మా ఇంట్లకే వచ్చి
కంచం ముందట కూసున్నది.

ఎవలు జూడనప్పుడు కాంట మీద తనే ఎక్కిండట.
నలభై నాలుగు.
"చపాట మిర్చి బస్తాకు సరిగ్గ తూగిన సారమ్మా,
తరుగు తీస్తె ఏం మిగుల్త?"
నవ్విండు. నాకు నవ్వు రాలే.

హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ కాయితం మీద బొమ్మ గీసి
అన్నవాహిక, ఇక్కడ క్యాన్సర్ గడ్డ, అన్నది.
అన్నం పోయే తొవ్వకు అంత మంచి పేరుందని
యాభై ఏండ్లకు తెలిసింది.
అన్నాన్ని మోసేది.
అంటె అదీ హమాలీయే,
రాత్రి లేదు పగలు లేదు, కూలడగలే.

ఐదు వారాలు కరెంటు పెట్టిన్రు, మందెక్కిచ్చిన్రు.
తర్వాత ఆపరేషన్.
నిలువున కోయం, చిన్న చిన్న బెజ్జాలు పెట్టి
కెమెరాతోని లోపల జూసుకుంట చేస్తం అన్నది.
పక్కటెముకల సందున కొన్ని, పొట్ట మీద కొన్ని,
మెడ కాడ ఒక గాటు.
ఒక ఊపిరితిత్తిని కొంచెంసేపు పండవెడతరట.
చెడ్డ తొవ్వ తీసేసి
కడుపునే సన్నగ కుట్టి గొట్టం జేసి
మెడదాకా గుంజుతరట.
కడుపు పోయి గొంతుల కూసుంటదా అమ్మా?
కూసుంటది, దానికీ అలవాటైతది.
సంతకం పెట్టిన.
చెయ్యి వణికి సారమ్మల మ వత్తు పడలే.

పొద్దుగాల తీస్కపోయి మూడున్నరకు పిలిచిన్రు.
స్టీలు పళ్లెంల చూపెట్టిన్రు.
జానెడు మీద ఇంకింత. తడిసిన సుతిలి తాడు రంగు.
నడుమ రేగ్గాయంత ముడి.
భయం కావాలె గదా, కాలే.

ఇరవై ఆరేండ్లు నేను వండిందంత
గీ తొవ్వనే పోయింది.
మాడిన పప్పు, ఉప్పెక్కువైన పులుసు,
కొట్లాడిన నాడు ఠక్కున పెట్టిన చద్దన్నం,
మా అమ్మ పోయిన నాడు
నేను ముట్టకుంటె ఆయన తిన్న నా ముద్ద.
ఒక్కటి గూడ తిప్పి పంపలే.
ముట్టుకోవచ్చా అని నోటిదాక వచ్చింది.
అంతల మూతవెట్టి పరీక్షకు తీస్కపోయిన్రు.

పక్క మంచం మల్లికాంబ దుప్పటి లేపి జూసింది.
"గివేనా కోతలు? బొట్టుబిళ్లలంత?
మా ఆయనకు రొమ్ము నుంచి వీపుదాక కోసిన్రు,
మీకు ఆపరేషన్ చేసిన్రా, మోసం చేసిన్రా?"
నేనూ మళ్ల లెక్కవెట్టిన ఆ పట్టీలు.
ఏడు దగ్గర ఆగి, ఆరున్నొక్కటి అనుకున్న.

పేగుల పైపు, రొమ్ముల పైపు, ముక్కుల పైపు.
ఆకలైతుందా అంటె చెయ్యి ఊపిండు,
ఏమో అన్నట్టు.

ఆరున్నొక్కటో రోజు
ఏదో తెల్లమందు తాగిచ్చి ఫొటో తీసిన్రు.
కుట్టు కాడ కారుతలేదన్నరు.
సాయంత్రం స్టీలు గ్లాసుల నీళ్లు, ఒక చెంచా.
తల ఎత్తువెట్టి పట్టుకున్న.
గుటక కాడ మెడల ఏదో కదిలింది,
కొత్త కోడలు గడప దాటినట్టు.

గొంతు పోయింది ఆయనకు.
నరం అలిసింది, నెలలు వడ్తది అన్నరు.
ఆ బొంగురు గాలితోనే
"లాభం" అన్నడు.
రెండో చెంచా.
"రెండు."
మూడోదానికి తల అడ్డం తిప్పిండు.
చాలట, రేపట.

గ్లాసుల మిగిలిన నీళ్లు నేను తాగిన.
ఎట్ల దిగినయో నాకు తెల్వనే తెల్వలే.