పొట్టు

కాశీబుగ్గ దాటాక మూడో షెడ్డు.
పొద్దున్నే పొట్టలోకి సూది దింపుకుని,
లెక్కపెట్టిన చద్దన్నం తిని
ముక్కాలిపీట మీద కూర్చుంటాను.
నా పని పొట్టు తీయడం.
జీడిపప్పు మీది ఎర్రటి పొర
గోరుకీ పప్పుకీ మధ్య ఊపిరంత జాగాలో
జారిపోవాలి, పప్పు విరక్కుండా.
విరిగితే బద్ద.
బద్దకి కూలి సగం.

రథసప్తమికి రూపాయి బిళ్ళంత ఉండేది మచ్చ,
మోకాలి కింద, ముందెముక మీద.
కొత్తమాసకి అరచేయంత.
అంచు ఇటుక రంగు, నడుమ పచ్చన,
మైనం పూసినట్టు మెరుపు,
లోపల సన్నటి నరాలు,
తేట నీటి అడుగున వేళ్లలా.
నొప్పి లేదు.
అదే నాకు భయం.

జీడి కొట్టిందన్నారు అందరూ.
మా దగ్గర ఏ మచ్చకైనా ముందు జీడినే తిడతారు.
కూర్మమ్మ ఒక్కర్తీ వంగి చూసింది,
నలభై ఏళ్లు జీడినూనె తాగిన వేళ్లతో తడిమి:
"ఒలే గుంటా, జీడి నల్లగా కొడతాది.
ఇది పచ్చగుంది. ఇది మనది కాదు."

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కుర్చీలోంచి లేచింది.
పుస్తకంలో తప్ప చూడలేదట.
కుర్ర డాక్టర్లు ఏడుగురొచ్చారు, ఏడు ఫోన్లు.
నేను జడ ముందుకేసుకున్నాను.
"మొహం అక్కర్లేదమ్మా, కాలు చాలు."
చాలా అరుదు, చాలా అరుదు అంటున్నాడొకడు.
తొమ్మిదో ఏట నుంచీ చక్కెరతో ఉన్నాను,
ఆ మాట నన్నెవరూ అనలేదు.

అంటదన్నారు. పూర్తిగా పోదన్నారు.
పూతమందు రాసి, దెబ్బ తగలనీకన్నారు,
పుండైతే మానడం కష్టమట.
నెక్రోబయోసిస్ లైపాయిడికా.
బస్సులో పలుకుతూ వచ్చాను.
నరసన్నపేటకి సగం మిగిలింది.

మర్నాడు మేస్త్రి జగ్గారావు:
"ఎగుమతి సరుకు. ఆ కాలు కనబడనీకు."
"కాళ్లతో వలుస్తాదేటి పప్పు?"
కూర్మమ్మ తలెత్తకుండానే అంది.
నా పక్క ఇద్దరు జరిగి కూర్చున్నారు.
ఆ ఖాళీలోకి తన పీట ఈడ్చుకొచ్చింది.

ఆమె వేళ్లకి గీతల్లేవు. జీడి తినేసింది.
రేషను మిషను నెలనెలా ఆమెని కాదంటుంది,
అదే బొటనవేలు, అదే ఎర్రదీపం.
నా వేళ్లకి గీతలున్నాయి,
గీతల మధ్య పదేళ్ల సూదిచుక్కలు.
మధ్యాన్నం అన్నం దగ్గర
మా నాలుగు చేతులూ ఒకే పళ్లెం అంచున.

రాత్రి మందు రాస్తుంటే
వేలికింద ఆ తోలు
పప్పు మీది పొట్టంత పల్చన.
ఎంత నెమ్మదిగా తాకాలో
ఎవరూ నేర్పక్కర్లేదు నాకు.
చేసేది అదే పని,
కాకపోతే దీన్ని ఊడనివ్వకూడదు.

అమ్మ మంచం కోళ్లకి పాత చీర చుడుతోంది
చీకట్లో నా కాలు కొట్టుకోకుండా.
ముడి బిగిస్తూ అడిగింది,
"ఏటే, ఆ రోగం పేరేటన్నావు?"

టెక్కలిలో దిగిపోయిందమ్మా.