ఎర్క

యార్డు ఆఫీసుల కొత్తగ చేరిన పిల్ల, తెనాలి దిక్కు,
తక్‌పట్టీల లెక్క సరిచూసుకుంట అడిగింది:
"మేడమ్, పొద్దున్నుంచి అందరూ ఎర్క ఎర్క అంటున్నారు,
ఎర్క అంటే ఏంటండీ?"

తెలుసు అని. అంతే, అన్న.
చిన్న మాటే. తలుపు గడియ అసొంటిది.
దినాం నూరు సార్లు తీస్తం, నూరు సార్లు పెడ్తం.
ఆమె నోట్‌బుక్కుల రాసుకున్నది,
సోరకాయ కింద, తొవ్వ కింద.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటె
ఆ మాట నీళ్లల్ల తెల్లగ లేచింది.
అంతే అన్ననా నేను?

దేశాయిపేటల మా చిన్నమ్మ బుచ్చమ్మకు
అక్షరం ముక్క రాదు. బీడీలు చుట్టేది.
మిల్లు సైరను కూసినంకనే పొయ్యి ముట్టిచ్చేది.
మిల్లు మూతబడ్డంక గూడ చాన దినాలు
కూత ఇనవడ్డట్టే లేచేది.
ఆ ఏడు ఎండకాలం, నడిరాత్రి, జీపొచ్చింది.
టార్చిలైటు ఎలుగుల ఒక ఫోటో.
"వీడు ఎర్కనా?"
కొంగుతోని కండ్లు తుడుసుకొని, ఫోటో దగ్గరికి పట్టుకొని,
నిమ్మళంగ చూసింది కొడుకును.
ఆ మూతి. చిన్నప్పుడు గాజుపెంక కోసిన ఆ కనుబొమ్మ.
"ఎర్క లేదు సారూ" అన్నది.
"ఎవల పిలగాడో పాపం" అని గూడ అన్నది.
కొమురెల్లి అన్న అటుక మీద,
తునికాకు కట్టల ఎనుక ఊపిరి బిగవట్టి
తల్లి తనను కాదనంగ ఇన్నడు.
ఆ రాత్రి బతికిండు.
తర్వాతి రాత్రుల సంగతి ఇప్పుడు చెప్ప.

నాకు పదేండ్లు. చాప మీద కండ్లు మూసుకొని ఉన్న.
నాకూ ఎర్కే. నన్నెవలూ అడుగలే.
అడిగితే నేను గూడ గట్లనే అందును, తొణుకకుంట అని
ఏండ్లకేండ్లు లోపల్లోపల గొప్పగనే అనుకున్న.

అన్న.

నలభై దాటినంక అన్న.
మాఘమాసం. యార్డు నిండ ఎర్రగ, గోడలు గూడ తుమ్మెటట్టు.
పర్కాల దిక్కు రైతు, సారంగం,
బస్తాకు రెండు కిలోలు యాడవోయినయని
కాంటా పట్టుకొని కూసున్నడు. లేవడు.
"ఇంటికాడ జోకుకొని వచ్చిన" అంటడు.
దడువాయి నవ్విండు.
అడ్తిదారు నవ్వలే, ఫోన్ చేసిండు.
ఎంక్వైరీకొచ్చినాయన ఫ్యాన్ కింద కూసొని
మర్యాదగ అడిగిండు:
"అమ్మా, ఆ కాంటా సంగతి మీకేమన్న ఎర్కనా?"
టార్చిలైటు లేదు. జీపు లేదు.
చాయ్ తెచ్చిండ్రు, నాకు గూడ.
ఎర్క లేదు సార్, అన్న.
అవే రెండు ముక్కలు.
మా చిన్నమ్మ కొంగు వాసన ఏసే ముక్కలు.

గొడవ చేసిండని సారంగం మీదనే కేసయ్యింది.
నేను బీరువ తాళం ఏసి బస్సెక్కిన.
కిటికీ అద్దంల ఒకామె కనవడ్డది.
ఎర్క లేనట్టే చూసిన.

ఒకే మాట ఒకల్ని దాస్తది, ఒకల్ని పట్టిస్తది,
పట్టుకున్న చెయ్యిని బట్టా, భయపడ్డ దాన్ని బట్టా,
నాకు తెల్వదు.
తెల్వదు అంటున్న చూడు,
ఆ మాటను పెదవి మీదికి రానిస్తలేను.
మా గల్లీలకు బుట్ట నెత్తిన పెట్టుకొని ఒకామె వచ్చేది,
"ఎరుక చెప్తనమ్మ, ఎరుక" అనుకుంట.
చేటెడు బియ్యం పోస్తేగాని చెప్పకపోయేది.
మేం పోరగాండ్లం ఎక్కిరిచ్చేది.
ఎరుక ఊకె రాదని ఆమెకు ఎర్క.

తెల్లారి పిల్ల నా టేబుల్ కాడికొచ్చింది.
కొత్త మాట నేర్చిన సంబురం మొఖం నిండ.
చేతుల మూడు తక్‌పట్టీలు.
గొంతు తగ్గిచ్చి, మా యాస తెచ్చుకొని, కొంచెం తప్పుగ:
"మేడమ్, ఆరో నంబరు కాంటా తేడా కొడుతుంది.
మీకు ఎర్కేనా?"

దగ్గొచ్చింది నాకు.
మిర్చి సీజన్ల అందరికీ వస్తది దగ్గు.
నీళ్లు తాగిన. మళ్ల దగ్గిన.
తగ్గేదాక ఆమె
ఆ మూడు చిట్టీలు పట్టుకొని
అక్కడనే నిలవడ్డది.